కుండీ మట్టి: మైలవరం మెట్ట ప్రాంతపు ఇంటి తయారీ

కుండీ, తొట్టె, గ్రో బ్యాగ్, పాత ప్లాస్టిక్ టబ్బు వంటి వాటిలో మొక్క పెంచడానికి మట్టి, మాగిన ఎరువు, తేలికపాటి పొట్టు కలిపి తయారుచేసుకునే మిశ్రమమే కుండీ మట్టి. రసాయన ఎరువు వేయకుండా పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, నూనెగింజల చెక్క, ఆకుల కుళ్ళు మీదే ఆధారపడితే దాన్ని సేంద్రియ కుండీ మట్టి అంటారు. ఎన్టీఆర్ జిల్లాలోని మైలవరం నుంచి నందిగామ, జగ్గయ్యపేట వరకు ఉన్న మెట్ట ప్రాంతంలో దీనికి కావలసిన సరుకు దాదాపు అంతా ఊళ్ళలోనే దొరుకుతుంది. అయితే ఈ కొద్ది దూరంలోనే రెండు పరస్పర విరుద్ధమైన నేలలున్నాయి. మైలవరంలో పనికొచ్చిన పాళ్ళు నందిగామలో మొక్కను చంపగలవు. ఎక్కడో రాసిన కొలతను తెచ్చి ఇక్కడ కలపడం కన్నా, చేతిలో ఉన్న మట్టి ఏమిటో ముందు తెలుసుకుని, దానికి లేనిదాన్ని చేర్చడమే ఈ వ్యాసం సమర్థించే పద్ధతి.

ఎర్ర నేల, నల్ల నేల

2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లా వేరుపడేవరకు ఈ ప్రాంతాన్ని కృష్ణా జిల్లా మెట్ట అనేవారు. ఇప్పటికీ జనం నోట ఆ మాటే ఉంది. తూర్పు వైపున కొండపల్లి కొండలు, వాటి వెనుక మైలవరం, రెడ్డిగూడెం, విస్సన్నపేట. బుడమేరు వాగు పుట్టేది ఈ కొండల్లోనే. ఇక్కడి వాలు భూముల్లో ఎక్కువగా ఎర్ర నేలలు, వాటి మీద నూజివీడు వరకు సాగే మామిడి తోటలు. పడమర వైపు కంచికచర్ల దాటితే నల్లరేగడి మొదలవుతుంది. నందిగామ, జగ్గయ్యపేట, చందర్లపాడు, వీరులపాడు మండలాల్లో పత్తి, మిరప, సుబాబుల్ ఈ రేగడి మీదే పండుతాయి. మున్నేరు, కృష్ణ నదుల ఒడ్డున ఒండ్రు నేలలు కొంత ఉన్నాయి.

ఎర్ర నేలలో బంకమట్టి పాలు తక్కువ. నీరు త్వరగా ఇంకిపోతుంది, పోషకాలు నీటితోపాటే జారిపోతాయి. ఉదజని సూచిక 6 నుంచి 7 మధ్య ఉంటుంది గనుక చాలా మొక్కలకు అనువైనదే. దీని లోపమల్లా సేంద్రియ పదార్థం లేకపోవడం. ఇళ్ళకు ట్రాక్టరు మీద వచ్చే ఎర్రమట్టి విషయంలో ఈ లోపం మరీ ఎక్కువ. కొండవాలు తవ్వి తెచ్చే ఆ మట్టి పైపొర కాదు, అడుగు పొర. వేళ్ళు గాని, వానపాములు గాని ఎన్నడూ చూడని మట్టి అది. చూపుకు ఎర్రగా నిగనిగలాడినా ఎండితే గట్టిపడి, తడిస్తే ముద్దవుతుంది. పొలం పైపొర నుంచి ఆరేడు అంగుళాల లోతు వరకు తీసిన మట్టి దీనికన్నా ఎంతో మేలు.

నల్లరేగడి సంగతి వేరు. దానిలో బంకమట్టి సగం వరకు ఉండవచ్చు. ఆ బంక తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. పొలంలో ఆ నెర్రెలు వానను లోపలికి తీసుకుపోతాయి. కుండీలో మాత్రం ముడుచుకున్న మట్టి గోడ నుంచి విడిపోతుంది. పోసిన నీరంతా ఆ సందులోంచి కిందికి జారిపోయి, మధ్యలోని వేరు ముద్ద ఎండుగానే మిగులుతుంది. అడుగున నీరు కారింది కదా అని మనం నిశ్చింతగా ఉంటాం. మొక్క వడలిపోతుంది.

ఈ రేగడిలో సున్నం కూడా ఉంది. జగ్గయ్యపేట ప్రాంతమంతా సున్నపురాతి నేల. సిమెంటు కర్మాగారాలు ఇక్కడికి రావడానికి కారణం అదే. 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వి వెలికితీసిన జగ్గయ్యపేట బౌద్ధ స్తూపపు చెక్కడాలు, మాంధాత చక్రవర్తి ఫలకంతో సహా, సున్నపురాతి పలకల మీదివే. ఈ రాయి అరిగి కలిసిన మట్టి క్షార గుణంతో ఉంటుంది, ఉదజని సూచిక 8 దాటుతుంది. అలాంటి మట్టిలో ఇనుము, జింకు ఉన్నా మొక్క తీసుకోలేదు. జగ్గయ్యపేటలో కుండీలో పెట్టిన కరివేపాకు, నిమ్మ, నూరువరహాలు ఈనెలు ఆకుపచ్చగా ఉండి ఆకు పసుపు తిరగడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. దాన్ని ఎరువు చాలక వచ్చిన లోపమనుకుని బూడిద, కోడిగుడ్డు పెంకులు వేస్తే సున్నం మీద సున్నం వేసినట్టే.

మట్టిలో సున్నం ఉందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. చెంచాడు ఎండు మట్టి మీద నిమ్మరసం గాని వెనిగర్ గాని చుక్కలు వేసినప్పుడు బుసబుస పొంగితే సున్నం ఉన్నట్టు. బంక ఎంతో తెలియడానికి గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీరు నింపి, బాగా గిలకొట్టి కదలకుండా పెట్టాలి. నిమిషంలో అడుగుకు దిగేది ఇసుక, రెండు గంటల్లో దాని మీద పేరుకునేది ఒండ్రు, మర్నాటికి గాని తేరుకోనిది బంక. నల్లరేగడి నీరు తేరడానికి ఒక్కోసారి రెండు రోజులు పడుతుంది. ఖచ్చితమైన అంకెలు కావాలంటే జగ్గయ్యపేట మండలంలోని గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం వంటి చోట మట్టి నమూనా ఇచ్చి ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం తెలుసుకోవచ్చు. ఈ కేంద్రం ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానిది.

పాదు నుంచి కుండీకి

కుండీ మట్టి కలపడం పట్నం నుంచి వచ్చిన విద్య అనుకోనక్కర లేదు. మృగశిర కార్తెకు ముందు పెరట్లో బీర, సొర, కాకర పాదు తవ్వే ప్రతి ఇల్లూ ఈ పని చేసింది. మూరెడు గొయ్యి తీసి, దిబ్బ ఎరువు, పొయ్యి బూడిద, చెరువు మట్టి కలిపి నింపి, వాన పడ్డాక గింజ పెట్టేవారు. గోతిలో కలిపిన ఆ మట్టినే గోడలున్న పాత్రలోకి ఎత్తితే కుండీ మట్టి అవుతుంది. తులసి కోట నింపే పద్ధతీ ఇంచుమించు ఇదే.

ఆ పాత సరుకులో రెండింటిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒకటి పాటిమన్ను. ఒకప్పుడు ఊరు ఉండి పాడుపడిన దిబ్బల మట్టి అది. తరాల తరబడి పేరుకున్న బూడిద, పేడ, ఎముకల వల్ల దానిలో భాస్వరం, పొటాష్ ఎక్కువ. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు బండ్లకొద్దీ తోలి చేలకు వేసుకున్నారు. ఆ తవ్వకాల్లో ఎన్నో ప్రాచీన ఆవాసాల ఆనవాళ్ళు చెరిగిపోయాయి. కుండీ కోసం ఇప్పుడు పాటిదిబ్బ తవ్వడం తగదు, దాని అవసరమూ లేదు. రెండోది చెరువు పూడిక మట్టి. ఎండాకాలం చెరువు ఎండినప్పుడు పైపొర తీసి చేలకు తోలడం ఇక్కడ పాత అలవాటు. తెలంగాణలో మిషన్ కాకతీయ, ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు కార్యక్రమాలు 2015లో మొదలై ఆ అలవాటును మళ్ళీ పెద్ద ఎత్తున తెచ్చాయి. నీటిని నిలుపుకోలేని ఎర్రమట్టికి పూడిక మట్టి ఐదో వంతు కలిపితే చక్కగా పనిచేస్తుంది. నల్లరేగడికి కలపడం మాత్రం దండగ. బంకకు బంక చేర్చడమే అవుతుంది.

ప్రపంచంలో కుండీ మట్టికి స్థిరమైన కొలత ఏర్పడింది 1930లలో. ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ సంస్థలో విలియం లారెన్స్, జాన్ న్యూవెల్ ఏడు పాళ్ళు వేడిచేసి శుద్ధిచేసిన గరప మట్టి, మూడు పాళ్ళు పీట్, రెండు పాళ్ళు ముతక ఇసుక అనే సూత్రాన్ని తయారుచేశారు. దానికి ముందు ఒక్కో మొక్కకు ఒక్కో రహస్య మిశ్రమం వాడేవారు. తర్వాత అమెరికాలో కాలిఫోర్నియా, కార్నెల్ విశ్వవిద్యాలయాలు అసలు మట్టే లేని మిశ్రమాలను ప్రచారంలోకి తెచ్చాయి. వీటన్నిటికీ ఆధారం పీట్, అంటే చలి దేశాల బురద నేలల్లో వేల ఏళ్ళుగా పేరుకున్న నాచు. మనకు అది లేదు. దాని స్థానంలో కొబ్బరి పొట్టు ఉంది. ఒకప్పుడు పీచు తీసే కేంద్రాల పక్కన గుట్టలుగా పారబోసిన ఈ పొట్టు ఇప్పుడు దక్షిణ భారతం నుంచి యూరప్ నర్సరీలకు ఎగుమతి అవుతోంది. తెలుగు పట్టణాల్లో కుండీ సేద్యం ఉద్యమంలా సాగడానికి తోడ్పడిన వారిలో కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ఒకరు. మిద్దెతోట అనే పేరు ఇంటింటికీ చేరడంలో ఆయన పాత్ర పెద్దది.

కుండీ అడుగున నీరు

పొలంలో పండే మట్టి కుండీలో ఎందుకు పండదన్నది ఈ విషయానికంతటికీ మూలం. పొలంలో నీటిని కింది మట్టి లాక్కుంటూ ఉంటుంది, గజాల లోతున. కుండీకి అడుగు ఉంది. కిందనుంచి లాగే మట్టి లేక, చిల్లు ఉన్నా సరే, అడుగున కొంత మందం మట్టి నీటితో నిండే ఉండిపోతుంది. తడిసిన స్పాంజిని పళ్ళెంలో బల్లపరుపుగా పెట్టి, నీరు కారడం ఆగాక నిలువుగా నిలబెడితే మళ్ళీ నీరు కారుతుంది. కుండీలోనూ అంతే, ఎత్తు తగ్గేకొద్దీ తడి పొర పాలు పెరుగుతుంది. సన్నటి మట్టిలో ఈ తడి పొర మందం ఎక్కువ, ముతక మట్టిలో తక్కువ. లోతు లేని తొట్టెలో బంకమట్టి పోస్తే సగం తొట్టె నీటిలోనే ఉంటుంది. గాలి అందక వేళ్ళు కుళ్ళుతాయి.

అడుగున కంకర గాని పెంకులు గాని పరిస్తే నీరు బాగా పోతుందన్న నమ్మకం చాలామందికి ఉంది. నిజానికి సన్న మట్టి కింద ముతక పొర ఉంటే నీరు ఆ హద్దు దగ్గరే ఆగుతుంది. తడి పొర పైకి జరుగుతుందే తప్ప పోదు, పైగా వేళ్ళకు ఉండే చోటు తగ్గుతుంది. చిల్లు మూసుకుపోకుండా ఒక వంపు పెంకు పెడితే చాలు. నీరు పోవడానికి చేయాల్సిన పని అడుగున కాదు, మొత్తం మిశ్రమంలో చేయాలి. నీరు కారిపోయాక కూడా మిశ్రమం ఘనపరిమాణంలో కనీసం పదో వంతు గాలి ఉండేటట్టు చూడాలి, ఐదో వంతు ఉంటే ఇంకా మంచిది. ఆ గాలి ఉండేది ముతక రేణువుల మధ్య సందుల్లోనే.

నల్లరేగడి వదులు కావాలని గుప్పెడు గుప్పెడు ఇసుక కలిపేవారికి ఎదురయ్యే చిక్కు ఇక్కడే ఉంది. ఇసుక రేణువుల మధ్య సందులన్నీ బంక నింపేస్తుంది, మిశ్రమం ఇంకా గట్టిపడుతుంది. ఇసుక పనిచేయాలంటే సగానికి మించి ఉండాలి, అప్పుడు కుండీ ఎత్తలేనంత బరువవుతుంది. రేగడిని మార్చేది ఇసుక కాదు, చివికిన ఎరువు, పొట్టు.

ఎరువు వైపు సరుకు

ఈ ప్రాంతంలో దొరికేది ఎక్కువగా గేదె పేడ. మిశ్రమానికి కావలసింది పచ్చి పేడ కాదు, ఏడాది మాగిన దిబ్బ ఎరువు. మాగిందో లేదో చెయ్యే చెబుతుంది. నల్లబడి, పొడిపొడిగా రాలుతూ, పేడ వాసన పోయి వాన పడ్డ నేల వాసన వస్తే సిద్ధమైనట్టు. మాగని ఎరువు ఎర్రమట్టిలో వేస్తే చెదలు పడతాయి. దిబ్బలో బొటనవేలంత తెల్లటి పురుగులు వంకర తిరిగి కనిపిస్తే అవి కొమ్ము పురుగు, వేరుపురుగు జాతుల పిల్లదశలు. ఎరువును జల్లెడ పట్టి వాటిని ఏరేయాలి. మెట్టలో మందలు తోలే అలవాటు ఉండడం వల్ల గొర్రె పెంటికలూ దొరుకుతాయి. వాటిలో పోషకాలు పశువుల ఎరువుకన్నా చిక్కగా ఉంటాయి గనుక సగం కొలతే వేసుకోవాలి.

అంకెలు చూస్తే పశువుల ఎరువులో నత్రజని సుమారు అర శాతం. వర్మీకంపోస్టులో ఒకటి నుంచి ఒకటిన్నర శాతం. వేపపిండిలో దాదాపు 5, ఆముదపు చెక్కలో 4, వేరుశనగ చెక్కలో 7 శాతం వరకు. ఎముకల పిండి భాస్వరానికి. వేపపిండికి మరో గుణం ఉంది, వేరుబుడిపె కలిగించే నులిపురుగులను అది అదుపులో ఉంచుతుంది. ఆముదపు చెక్క వాడే ఇంట్లో కుక్కలు, పశువులు ఉంటే జాగ్రత్త పడాలి. దానిలోని విషం ప్రాణం మీదికి తెస్తుంది. కలిపిన మట్టిని వాటికి అందని చోట ఉంచాలి.

మైలవరం వైపు ఎవరూ లెక్కలోకి తీసుకోని సంపద మామిడాకు. తోటల్లో టన్నులకొద్దీ రాలి, చాలాచోట్ల అగ్గిపెట్టెకు బలవుతోంది. ఆ ఆకు మందంగా, మైనపు పొరతో ఉంటుంది, త్వరగా కుళ్ళదు. అది కుళ్ళాలంటే నత్రజని ఎక్కువగా ఉన్న పచ్చి సరుకు తోడు కావాలి. ఆ తోడు నందిగామ వైపు దండిగా ఉంది. కాగితం మిల్లుల కోసం పెంచే సుబాబుల్ తోటల్లో కొట్టేసినప్పుడు మిగిలే లేత కొమ్మ, ఆకు అందుకు సరిగ్గా సరిపోతాయి. ఇది కాయధాన్యపు జాతి చెట్టు, ఆకులో నత్రజని బాగా ఉంటుంది. గ్లిరిసీడియా, కానుగాకు కూడా పనికొస్తాయి. మూడు తట్టలు నలిపిన ఎండు మామిడాకు, ఒక తట్ట పచ్చి సుబాబుల్ ఆకు, అర తట్ట పచ్చి పేడ చొప్పున పొరలుగా వేసి, పిడికిట్లో పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తడి ఉంచాలి. కుప్ప రొమ్ము ఎత్తున లేకపోతే వేడెక్కదు. లోపల 55 నుంచి 60 డిగ్రీల వేడి కొన్ని రోజులు నిలిస్తే కలుపు గింజలు, చాలా తెగుళ్ళ బీజాలు చస్తాయి. పక్షానికోసారి తిరగేస్తే నాలుగైదు నెలల్లో నల్లటి కుళ్ళు తయారవుతుంది. సుబాబుల్ కాయలు మాత్రం ఒక్కటి కూడా పడనీయకూడదు. వేడి తగలని గింజలు ఏడాది తర్వాత కూడా కుండీలో మొలకెత్తుతాయి.

ఎండు సరుకును పచ్చి సరుకుతో లెక్కగా కలిపే ఈ పద్ధతిని శాస్త్రీయంగా స్థిరపరచింది మన దేశంలోనే. ఆల్బర్ట్ హోవర్డ్ 1924 నుంచి 1931 వరకు ఇండోర్‌లో పనిచేసి, యశ్వంత్ వాడ్‌తో కలిసి దాన్ని ప్రచురించారు. ఎండాకాలం గుంటలో, వానాకాలం నేల మీద కుప్పగా వేయమన్నది ఆ పద్ధతి. మెట్ట వాతావరణానికి అది అతికినట్టు సరిపోతుంది. మేలో నేల మీద వేసిన కుప్ప ఎండిపోయి కుళ్ళడం ఆగిపోతుంది. వానల్లో గుంటలో వేసింది నీరు నిలిచి కంపు కొడుతుంది.

తయారైన ఎరువు మొక్కకు హాని చేయదని నిర్ధారించుకోవడానికి చిన్న పరీక్ష చాలు. ఒక గిన్నెలో ఆ ఎరువు, సమపాళ్ళలో ఎర్రమట్టి కలిపి ఇరవై పెసలు నాటాలి. పక్కన ఉత్త మట్టిలో మరో ఇరవై. పది రోజుల్లో రెండూ సమానంగా మొలిచి, ఎరువు వైపు మొలకల ఆకులు ముడుచుకోకుండా ఉంటే వాడుకోవచ్చు. గడ్డి, పేడ బయట కొన్నప్పుడు ఈ పరీక్ష తప్పనిసరి. వాటి వెంట కలుపుమందు అవశేషాలు వస్తే ముందు తెలిపేది పప్పుజాతి మొలకే.

తేలిక సరుకు

కొబ్బరి పొట్టు గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి వస్తుంది. ఐదు కిలోల దిమ్మె నీటిలో నానితే 60 నుంచి 75 లీటర్ల వరకు ఉబ్బుతుంది. దానిలో సోడియం, పొటాషియం లవణాలు ఉంటాయి గనుక రెండు మూడు సార్లు నీళ్ళు మార్చి కడగాలి. కడగని పొట్టులో నాటిన నారు ఆకుల కొనలు మాడతాయి. పొట్టులో పోషకం లేదు. పైగా కుళ్ళేటప్పుడు అది చుట్టూ ఉన్న నత్రజనినే లాక్కుంటుంది. అందువల్ల పొట్టు వేసిన చోట ఎరువు తగ్గించకూడదు. రంపపు పొట్టు ఈ విషయంలో మరీ చెడ్డది, కుళ్ళబెట్టకుండా కుండీలో వేయకూడదు.

వరి ఊక నీటిని పట్టుకోదు, సందులను ఇస్తుంది. దాన్ని బూడిద కాకుండా నల్లగా బొగ్గయ్యే వరకు మాత్రమే కాల్చి కలిపితే చాలాకాలం కుళ్ళకుండా నిలుస్తుంది. పత్తి కట్టె, సుబాబుల్ పుల్లలను గాలి తగలకుండా కాల్చి చేసిన బొగ్గుపొడి కూడా అలాంటిదే. కాకపోతే ఉత్త బొగ్గు పోషకాలను తనలోకి పీల్చుకుంటుంది. పది పదిహేను రోజులు పేడనీళ్ళలో గాని, పేడ, మూత్రం, బెల్లంతో చేసే జీవామృతంలో గాని నానబెట్టి వాడాలి. ఊక బూడిద, పొయ్యి బూడిద, బొగ్గు మూడూ క్షార గుణం ఉన్నవే. ఎర్రమట్టికి మేలు, సున్నపు రేగడికి కీడు.

కలపడం

కొలత తూకంతో కాక తట్టతో చూసుకోవాలి. తడిని బట్టి తూకం మారిపోతుంది. మైలవరం ఎర్రమట్టి అయితే నాలుగు తట్టల మట్టి, మూడు తట్టల మాగిన ఎరువు లేదా సగం వర్మీకంపోస్టు సగం ఆకుల కుళ్ళు, రెండు తట్టల కడిగిన కొబ్బరి పొట్టు, ఒక తట్ట కాల్చిన ఊక. దీనికి పది కిలోలకు వంద గ్రాముల వేపపిండి, యాభై గ్రాముల ఎముకల పిండి. నందిగామ, జగ్గయ్యపేట రేగడి తప్ప మరో దారి లేనివారు మట్టిని రెండు తట్టలకు మించనీయకుండా, ఎరువు నాలుగు, పొట్టు మూడు, కాల్చని ఊక ఒకటి వేసుకోవాలి. బూడిద, సున్నం, గుడ్డు పెంకులు అందులో వద్దు. వీలుంటే మైలవరం వైపు నుంచి ఎర్రమట్టి తెప్పించుకోవడమే నయం. కరివేపాకుకు, నిమ్మకు అయితే అది తప్పదు కూడా. ఆకు పసుపు తిరిగిన మొక్కకు తాత్కాలిక ఉపశమనంగా లీటరు నీటికి అన్నభేది 5 గ్రాములు, నిమ్మ ఉప్పు 1 గ్రాము కలిపి పిచికారీ చేయడం రైతులకు తెలిసినదే. సేంద్రియ ప్రమాణాలు కూడా లోపం ఉన్న చోట ఇలాంటి సూక్ష్మపోషకాలను పరిమితంగా అనుమతిస్తాయి.

మిరప, టమాటా, వంగ నారు పోసుకోవడానికి ఈ మిశ్రమం బలమెక్కువ. అందుకు పొట్టు మూడు పాళ్ళు, బాగా జల్లించిన వర్మీకంపోస్టు ఒక పాలు సరిపోతాయి. మామిడి టెంక పెట్టి అంటు కట్టే నర్సరీ సంచుల్లో ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు సమపాళ్ళుగా కలపడం పాత పద్ధతి. కొన్ని నెలలకే సంచి కోసి భూమిలో నాటే మొక్కకు అది చాలు, ఏళ్ళ తరబడి కుండీలో ఉండే మొక్కకు చాలదు.

కలిపిన వెంటనే నాటకూడదు. చెక్కలు కుళ్ళేటప్పుడు వేడి, అమ్మోనియా పుడతాయి. తడిపి, గోనె కప్పి, నీడలో రెండు మూడు వారాలు ఉంచితే మిశ్రమం కుదుటపడుతుంది. ఈ గడువులోనే ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రాన్ని కలపడం మంచిది. 90 కిలోల మాగిన ఎరువు, 10 కిలోల వేపపిండికి 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి, పలచగా బెల్లం నీళ్ళు చల్లి, వారం పది రోజులు నీడలో పెంచడం వ్యవసాయ శాఖ చెప్పే కొలత. ఇంటివారు దాన్ని పదో వంతుకు తగ్గించుకోవచ్చు. నారుకుళ్ళు, వేరుకుళ్ళు తగ్గడంలో దీని ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది.

జీవామృతం గురించి ఒక మాట. సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన ఈ ద్రావణంలో ఎకరానికి 200 లీటర్ల నీటికి 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి కలుపుతారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2016 నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా ఊరూరా ప్రకృతి వ్యవసాయాన్ని తీసుకువెళ్ళడంతో ఇది ఇళ్ళకూ చేరింది. దీనిలోని పోషకాలు స్వల్పం. పొలంలో సూక్ష్మజీవులకు తినడానికి నేలంతా ఉంది. కుండీలో ఉన్నది మనం పోసిన ఎరువే. అందువల్ల పదింతల నీటితో పలచన చేసి పక్షానికోసారి పోసుకోవడం మంచిదే గాని, దాన్ని నమ్మి ఎరువు తగ్గిస్తే మొక్క పస్తుంటుంది.

బరువు, ఎండ, నీరు

మేడ మీద తోట వేసేవారు ముందు చూడాల్సింది బరువు. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న కుండీలో సుమారు 22 లీటర్లు పడుతుంది. తడిసిన ఉత్త మట్టి అయితే 35 నుంచి 40 కిలోలు, పొట్టు కలిపిన మిశ్రమమైతే 20 నుంచి 25. ఇళ్ళ పైకప్పుకు భారతీయ ప్రమాణం ప్రకారం లెక్కవేసే అదనపు భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. అడుగు మందాన తడి మట్టి పరిస్తే అదే చోట 500 కిలోలు దాటుతుంది. మడులు కట్టి ఉత్త మట్టి పోయడం ఈ లెక్క ప్రకారం ప్రమాదమే. బరువైన తొట్లను దూలాల మీదికి, గోడల పక్కకు జరిపి, మధ్య పలక మీద తేలికవి పెట్టాలి.

నందిగామలో భారత వాతావరణ శాఖ నమోదు చేసే ఎండలు మే నెలలో 44, 45 డిగ్రీలు దాటే సంవత్సరాలు తక్కువేమీ కాదు. ఆ వేడిలో నల్ల గ్రో బ్యాగులో వేళ్ళు ఉడికిపోతాయి. రెండు అంగుళాల మందాన వరిగడ్డి గాని మామిడాకు గాని పైన పరచడం, తెల్ల సంచులు వాడడం, రోజూ రెండు పూటలా నీరు పెట్టడం తప్పవు. కొబ్బరి పొట్టు ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని అంత తేలిగ్గా పీల్చుకోదని కూడా గుర్తుంచుకోవాలి.

మెట్టలో బోరు నీరు చాలాచోట్ల గట్టి నీరు. మట్టి కుండీ గోడల మీద, చిల్లు చుట్టూ తెల్లటి పొర పేరుకుంటే అది ఆ నీటిలోని సున్నం, ఉప్పే. నెలల తరబడి ఈ నీరే పోస్తే మంచి ఎర్రమట్టి కూడా క్షారానికి తిరుగుతుంది. మొదటి రెండు మూడు వానలకు కుండీలను ఆరుబయట బాగా తడవనిచ్చి, అడుగు నుంచి నీరు ధారగా పోనిస్తే ఆ ఉప్పు కడిగిపోతుంది. ఆ కడుగుడుతో కొంత నత్రజని కూడా పోతుంది. వానలు తెరిపిచ్చాక పై ఎరువు వేయడం అందుకే.

పాత మట్టికి మళ్ళీ ప్రాణం

ఏడాది తిరిగేసరికి మిశ్రమం మూడో వంతు వరకు కుంగుతుంది. ఎరువు, పొట్టు కుళ్ళి కరిగిపోయి మట్టి మాత్రం మిగులుతుంది, సందులు మూసుకుపోతాయి. దీన్ని పారేయాల్సిన పని లేదు. మెట్ట ప్రాంతపు ఎండ ఇక్కడ శత్రువు కాదు, ఉచితంగా దొరికిన మందు. పంట అయిపోయిన ఏప్రిల్, మే నెలల్లో కుండీలు బోర్లించి, వేళ్ళు ఏరి, గడ్డలు చిదిపి, మట్టిని తడిపి, జానెడుకు మించని మందాన పరచి, పలచటి పాలిథిన్ కాగితం కప్పి అంచులు గాలి దూరకుండా మట్టితో మూసేయాలి. నలుపు కాగితం కాదు, ఎండ లోపలికి దిగేటట్టు పారదర్శకంగా ఉండాలి. నాలుగు నుంచి ఆరు వారాల్లో పైపొర వేడి 50 డిగ్రీల దాకా పోయి నులిపురుగులు, కలుపు గింజలు, కుళ్ళు తెగుళ్ళ బీజాలు చాలావరకు నశిస్తాయి. మేలు చేసే జీవులూ కొన్ని పోతాయి గనుక ఆ తర్వాత కాగితం తీసి, నాలుగో వంతు కొత్త ఎరువు, వేపపిండి, ట్రైకోడెర్మా చేర్చాలి. రోహిణి కార్తె చివరికల్లా ఈ పని ముగిస్తే మృగశిరకు మట్టి సిద్ధం.

వంకాయ జాతి పంటలు, అంటే వంగ, టమాటా, మిరప, ఉన్న కుండీలో మళ్ళీ అవే పెట్టకుండా గోరుచిక్కుడు గాని బెండ గాని ఆకుకూర గాని వేయాలి. ఏళ్ళుగా ఉన్న మల్లె, గులాబి, కరివేపాకు కుండీల్లో మొక్కను కదపకుండా పై మూడు అంగుళాల మట్టి గీకి తీసి, అంత మందాన కొత్త ఎరువు నింపితే చాలు. రెండు మూడేళ్ళకోసారి మాత్రం పెకలించి, చుట్టుకుపోయిన వేళ్ళను పావు వంతు కత్తిరించి కొత్త మిశ్రమంలో పెట్టాలి. తీసిన మట్టిని పెరటి పాదుల్లో పోయవచ్చు.

కొన్ని సరుకులు ఉచితంగా దొరుకుతున్నా తినే పంట కుండీలోకి రాకూడదు. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద అందులో మొదటిది. ఇటుకలకు పనికొచ్చే ఆ బూడిదలో బోరాన్, భార లోహాలు ఉండవచ్చు. పొయ్యి బూడిదతో దాన్ని ఒకటిగా చూడకూడదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ మునిగినప్పుడు, మున్నేరు పొంగినప్పుడు మిగిలినటువంటి వరద మేట రెండోది. పొలాల మీదుగా వచ్చిన ఒండ్రు మంచిదే గాని, ఊరి మురుగు, వర్క్‌షాపుల నూనె కలిసిన మేట వేరు. చూపుకు రెండూ నల్లగా ఒకేలా ఉంటాయి. అలాంటి మట్టిని పూల మొక్కలకే పరిమితం చేసి, ఆకుకూరలకు, దుంపలకు తెలిసిన పొలపు పైమట్టినే వాడుకోవాలి.